రాజ్యాంగమూ ప్రోనోటూ: జేమ్స్ విల్సన్ జీవితం

సభాధ్యక్షులకు, న్యాయవాద మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

అమెరికా రాజ్యాంగ నిర్మాతలు అనగానే వాషింగ్టన్, ఫ్రాంక్లిన్, మాడిసన్, హామిల్టన్ పేర్లు మనకు వరసగా గుర్తుకొస్తాయి. ఆ వరసలో జేమ్స్ విల్సన్ పేరు దాదాపు వినిపించదు. 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటన మీదా, 1787 నాటి రాజ్యాంగం మీదా కూడా సంతకం చేసినవారు ఆరుగురే; వారిలో ఆయన ఒకరు. ఫిలడెల్ఫియా రాజ్యాంగ సభలో ఆయన 168 సార్లు మాట్లాడారు. ఆయనకంటే ఎక్కువసార్లు మాట్లాడినవారు గవర్నీర్ మోరిస్ ఒక్కరే (గవర్నీర్ అన్నది పదవి కాదు, ఆయన పేరే). సుప్రీంకోర్టుకు వాషింగ్టన్ నియమించిన తొలి ఆరుగురు న్యాయమూర్తులలో విల్సన్ ఉన్నారు. అంతటి మనిషి 1798 ఆగస్టులో, ఇంకా న్యాయమూర్తి పదవిలో ఉండగానే, అప్పులవాళ్లకు దొరకకుండా సొంత రాష్ట్రానికి దూరంగా నార్త్ కరోలినాలోని ఒక సత్రంలో తలదాచుకుని అక్కడే కన్నుమూశారు.

ఈ జీవితాన్ని చెప్పేవారు సాధారణంగా దాన్ని రెండు ముక్కలు చేస్తారు. ఒకవైపు మేధావి, మరోవైపు దురాశాపరుడు. మొదటివాడిని గౌరవించాలి, రెండోవాడిని చూసి జాలిపడాలి అన్నట్టు ఉంటుంది ఆ కథనం. నాకు ఆ విభజన ఒప్పుదలగా లేదు. ఇంకా పుట్టని దేశం మీద ఎవరికీ లేనంత నమ్మకం పెట్టుకుని రాజ్యాంగ సభలో వాదించిన విల్సన్, అదే నమ్మకంతో బయట ప్రోనోట్ల మీద సంతకాలు పెట్టారని నా అభిప్రాయం. ఈ సాయంత్రం ఆ కోణంలోనే ఆయన జీవితాన్ని మీ ముందుంచే ప్రయత్నం చేస్తాను.

విల్సన్ 1742లో స్కాట్లండ్‌లోని ఫైఫ్ ప్రాంతంలో ఒక రైతు కుటుంబంలో పుట్టారు. కొడుకు ప్రెస్బిటేరియన్ చర్చిలో బోధకుడు కావాలని తల్లిదండ్రుల కోరిక. అందుకోసమే ఆయన సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో చేరారు గానీ తండ్రి మరణంతో ఆ దారి మూసుకుపోయింది. అప్పటి స్కాట్లండ్ చిన్న దేశమే అయినా ఆలోచనలకు పెద్ద నిలయం. మామూలు మనిషికి సహజంగా ఉండే ఇంగితజ్ఞానమే జ్ఞానానికి పునాది అని చెప్పిన థామస్ రీడ్ తత్వం విల్సన్‌ను జీవితాంతం వదలలేదు. సామాన్యుడి విచక్షణను నమ్మవచ్చునన్న ఆయన రాజకీయ విశ్వాసానికి వేరు అక్కడుంది.

1765లో, కాగితాల మీద బ్రిటన్ పన్ను వేసిన స్టాంపు చట్టం మీద వలస రాష్ట్రాలు భగ్గుమంటున్న సమయంలో, ఆయన అమెరికా చేరారు. ఫిలడెల్ఫియా కళాశాలలో కొంతకాలం లాటిన్ చెప్పి, తర్వాత జాన్ డికిన్సన్ వద్ద న్యాయశాస్త్రం చదువుకున్నారు. డికిన్సన్ లండన్‌లోని మిడిల్ టెంపుల్ అనే న్యాయవాదుల సంస్థలో చదివి వచ్చిన పెద్ద న్యాయవాది. లా కాలేజీలు లేని ఆ రోజుల్లో సీనియర్ గదిలో కూర్చుని పుస్తకాలు చదవడం, కాగితాలకు నకళ్లు రాయడమే చదువు. తర్వాత విల్సన్ మొదట రెడింగ్ పట్టణంలోనూ, ఆపైన పడమటి సరిహద్దుకు దగ్గరగా ఉన్న కార్లైల్‌లోనూ ప్రాక్టీసు పెట్టారు. సరిహద్దు ప్రాంతమంటే భూమి తగాదాలే: హద్దులు, పట్టాలు, సర్వే తప్పులు, ఒకే నేలకు ఇద్దరు హక్కుదారులు. కొద్ది ఏళ్లలోనే ఆ కోర్టుల్లో ఆయన అగ్రశ్రేణి న్యాయవాది అయ్యారు. అదే సమయంలో తాను కూడా అప్పు తెచ్చి భూములు కొనడం మొదలుపెట్టారు. ఆ రెండు పనులూ ఒకే ఊళ్లో, ఒకే వయసులో మొదలయ్యాయని గుర్తుంచుకోవాలి.

1774లో ఆయన బ్రిటిష్ పార్లమెంటు శాసనాధికారపు హద్దుల మీద ఒక చిన్న పుస్తకం ప్రచురించారు. రాసింది అంతకు కొన్నేళ్ల ముందే అయినా అప్పట్లో బయటపెట్టలేదు. పార్లమెంటుకు పన్నులు వేసే అధికారం లేదని మాత్రమే అప్పటిదాకా చాలామంది వాదిస్తూ వచ్చారు. వాణిజ్యాన్ని నియంత్రించే అధికారం ఉందని, పన్నుల అధికారం లేదని ఒక గీత గీయడం వారి పద్ధతి. విల్సన్ ఆ గీతను వెతికి, అలాంటిది ఎక్కడా నిలబడదని తేల్చి, వలస రాష్ట్రాల మీద పార్లమెంటుకు ఏ శాసనాధికారమూ లేదని రాశారు. మనుషులందరూ స్వభావరీత్యా సమానులు, స్వతంత్రులు. ఒకరి సమ్మతి లేకుండా వారిమీద మరొకరికి అధికారం లేదు. న్యాయబద్ధమైన ప్రభుత్వమంతా పాలితుల సమ్మతి మీదే నిలుస్తుంది అన్నది ఆ వాదానికి మూలం. స్వాతంత్ర్య ప్రకటనలో ఇవే భావాలు మనకు మళ్లీ కనిపిస్తాయి. అది వచ్చింది రెండేళ్ల తర్వాత.

అలాంటి మనిషి, వలస రాష్ట్రాల ఉమ్మడి సభ అయిన కాంటినెంటల్ కాంగ్రెసులో పెన్సిల్వేనియా ప్రతినిధిగా ఉండి, 1776 జూన్‌లో స్వాతంత్ర్య ప్రకటనను కొన్నాళ్లు వాయిదా వేయమన్నారు. ఆ కారణంగా ఆయనను పిరికివాడనీ, ఇంగ్లండు పక్షపాతి అనీ నిందించినవారున్నారు. కానీ ఆయన వాదన సూటిగానే ఉంది: నా ప్రజలు నాకింకా ఆ అధికారం ఇవ్వలేదు. సమ్మతే ప్రభుత్వానికి పునాది అని రాసిన వ్యక్తి, తనను పంపినవారి సమ్మతి కోసం ఆగడంలో వింత లేదు. పెన్సిల్వేనియా ప్రతినిధులకు కొత్త ఆదేశాలు వచ్చాక జులై 2న ఓటు జరిగింది. డికిన్సన్, రాబర్ట్ మోరిస్ ఆ రోజు ఓటుకు దూరంగా ఉన్నారు. మిగిలిన ఐదుగురిలో ఫ్రాంక్లిన్, జాన్ మోర్టన్, విల్సన్ స్వాతంత్ర్యానికి ఓటేశారు, ఇద్దరు వ్యతిరేకించారు. మూడుకు రెండు ఓట్లతో పెన్సిల్వేనియా స్వాతంత్ర్యం వైపు వచ్చింది. గురువు దూరంగా ఉన్న చోట శిష్యుడి ఓటు పనిచేసింది.

ఆ తర్వాతి కాలం ఆయనకు కలిసిరాలేదు. పెన్సిల్వేనియా 1776లో రాసుకున్న రాజ్యాంగంలో ఒకే శాసనసభ ఉంది, గవర్నర్ లేరు, కార్యనిర్వహణ అంతా ఒక మండలి చేతిలో ఉంది. దాన్ని విల్సన్ తీవ్రంగా వ్యతిరేకించారు. కాంగ్రెసులో ఆయన పదవి పోయింది. 1778లో ఫిలడెల్ఫియాకు మకాం మార్చారు. అప్పటికి బ్రిటిష్ సేన నగరాన్ని ఖాళీ చేసి వెళ్లిపోయింది. శత్రువుకు సహకరించారంటూ దేశద్రోహ విచారణలు మొదలయ్యాయి. విల్సన్ ఆ ముద్దాయిల పక్షాన వకాల్తా పుచ్చుకున్నారు. ఆయన వాదించినప్పటికీ జాన్ రాబర్ట్స్, అబ్రహాం కార్లైల్ అనే ఇద్దరిని ఆ నవంబరులో ఉరితీశారు. తొమ్మిదేళ్ల తర్వాత రాజ్యాంగంలో దేశద్రోహానికి ఇచ్చిన నిర్వచనం ఎంత ఇరుకుగా ఉందో, ఒకే బహిరంగ చర్యకు ఇద్దరు సాక్షులు కావాలన్న నిబంధన ఎంత గట్టిగా ఉందో చూసినప్పుడు, ముసాయిదా సంఘంలో కూర్చున్న ఈ న్యాయవాదికి ఆ రెండు ఉరికంబాలు గుర్తుండవా అనిపిస్తుంది.

ద్రోహులను కాపాడే వకీలు అన్న పేరు ఊరికే పోలేదు. 1779 నాటికి కాంగ్రెసు అచ్చువేసిన కాంటినెంటల్ కాగితపు డబ్బు విలువ పడిపోయి, రొట్టె ధర ఆకాశాన్నంటింది. ధరలు కట్టడి చేయాలని ఒక పక్షం, కట్టడి పనికిరాదని వ్యాపారుల పక్షం. విల్సన్ వ్యాపారుల న్యాయవాది. అక్టోబరు 4న సాయుధ మిలీషియా (పౌర సైనికుల) గుంపు ఒకటి కొందరు వ్యాపారులను పట్టుకుని వీధుల్లో నడిపిస్తూ థర్డ్, వాల్‌నట్ వీధుల కూడలిలోని విల్సన్ ఇంటి ముందుకు వచ్చింది. లోపల ఆయనతోపాటు రెండు మూడు పదుల మంది మిత్రులు తుపాకులతో సిద్ధంగా ఉన్నారు. కిటికీలో కనబడిన కెప్టెన్ కాంప్‌బెల్ కాల్పుల్లో చనిపోయారు. బయట మిలీషియా వారిలోనూ పలువురు మరణించారు. రాష్ట్రాధినేత జోసెఫ్ రీడ్ ఆశ్వికదళంతో వచ్చి చెదరగొట్టేదాకా పోరు సాగింది. ఆ ఇంటికి విల్సన్ కోట అన్న పేరు స్థిరపడిపోయింది. చివరికి ఇరుపక్షాలకూ క్షమాభిక్ష దొరికింది. ఇక్కడ ఎవరిది ఒప్పు అని తేల్చడం నాకు సులభం కాదు: రొట్టె కొనలేని సైనికుడి కోపం నిజమైనదే, మూకకు లొంగని వకీలు పట్టుదలా నిజమైనదే. నన్ను ఆశ్చర్యపరిచేది వేరొకటి. సొంత ఇంటిమీదికి తుపాకులతో వచ్చిన ప్రజలను చూసిన ఈ మనిషి, ఎనిమిదేళ్ల తర్వాత రాజ్యాంగ సభలో కూర్చున్నప్పుడు, అక్కడున్న వారందరిలోకీ ఎక్కువగా ప్రజల నేరు ఓటునే కోరారు.

ఇక ఆ సభ దగ్గరికి వద్దాం. 1787 మే 25న మొదలై సెప్టెంబరు 17న ముగిసింది. జూన్ 1న విల్సన్ లేచి, కార్యనిర్వాహక అధికారం ఒకే వ్యక్తిలో ఉండాలని ప్రతిపాదించారు. పింక్నీ బలపరిచారు. సభ అంతా నిశ్శబ్దమైపోయిందని మాడిసన్ తన నోట్సులో రాసుకున్నారు. సభలో వాషింగ్టన్ అంతటివారు కూర్చుని ఉన్నప్పుడు ఆ ఒకే వ్యక్తి ఎవరో అందరికీ తెలుసు. మాట్లాడితే ఎటు తిరుగుతుందోనన్న సంకోచం. ఇది ముఖ్యమైన అంశం, సభ్యులు మనసులో మాట చెప్పాలని ఫ్రాంక్లిన్ అడగవలసి వచ్చింది. ఇది రాచరికపు పిండం అన్నారు ఎడ్మండ్ రాండాల్ఫ్. అధికారం ఒకరి చేతిలో ఉంటేనే బాధ్యత కూడా ఒకరి మీద నిలుస్తుందని, నిరంకుశత్వానికి అదే అడ్డుకట్ట అని విల్సన్ జవాబు. జూన్ 4న ఏడు రాష్ట్రాలు ఆయన పక్షాన, మూడు ఎదురుగా ఓటేశాయి. ఈనాటి అమెరికా అధ్యక్ష పదవికి రూపం ఆ ఓటుతో వచ్చింది.

ఆ ఒక్కరిని ఎన్నుకునేది ఎవరు? ప్రజలే నేరుగా ఎన్నుకోవాలని విల్సన్ కోరిక. అది సభకు అసాధ్యంగా తోచిందని గ్రహించి, మర్నాడే ఆయన మరో మార్గం చూపారు: ప్రజలు జిల్లాలవారీగా ఎలెక్టర్లను ఎన్నుకుంటే, ఆ ఎలెక్టర్లు అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. ఆ రోజు అది ఓడిపోయింది. తిరిగి తిరిగి సెప్టెంబరులో సభ దాదాపు ఆ దారికే వచ్చింది. నేరు ఎన్నిక దక్షిణాది రాష్ట్రాలకు ఎందుకు గిట్టదో జులైలో మాడిసన్ దాచకుండా చెప్పారు: బానిసలకు ఓటు లేదు కనుక నేరు ఎన్నికలో దక్షిణాదికి బలం తగ్గుతుంది, ఎలెక్టర్ల పద్ధతిలో ఆ లోటు పూడుతుంది.

ఆ లోటును పూడ్చిన లెక్కలో విల్సన్ చెయ్యి కూడా ఉంది. ప్రాతినిధ్యం కోసం జనాభా లెక్కించేటప్పుడు బానిసలలో ఐదింట మూడు వంతుల మందినే కలపాలన్న సూత్రాన్ని జూన్ 11న ప్రతిపాదించింది ఆయనే. ఆ నిష్పత్తి ఆయన కల్పన కాదు, 1783లో కాంగ్రెసు పన్నుల వాటా కోసం ప్రతిపాదించిన లెక్క. నెల తర్వాత ఆయనే లేచి, బానిసలు పౌరులైతే తెల్లవారితో సమానంగా ఎందుకు లెక్కించరు, ఆస్తి అయితే మిగతా ఆస్తిని ఎందుకు లెక్కించరు అని అడిగారు. ఈ సూత్రానికి తర్కం లేదని ఆయనకు తెలుసు. ఒప్పందం కుదరాలంటే తప్పదని కూడా ఆయనే అన్నారు. తెలిసి చేసిన పని తెలియక చేసిన పనికంటే బరువైనదని నేననుకుంటాను. రాజ్యాంగాన్ని రాష్ట్రాలు ఆమోదించే ధృవీకరణ సమయంలో, 1808 తర్వాత బానిసల దిగుమతిని నిషేధించే అధికారం కాంగ్రెసుకు వస్తుంది కనుక బానిసత్వం త్వరలోనే అంతరిస్తుందని ఆయన పెన్సిల్వేనియా ప్రజలకు హామీ ఇచ్చారు. భవిష్యత్తు అన్నీ చక్కబెడుతుందన్న ఈ ధీమాను గమనించండి. ఇది ఆయన ఖాతా పుస్తకాల్లోనూ కనిపిస్తుంది.

చిన్న రాష్ట్రాలు సెనేటులో సమాన ఓటు కోరినప్పుడు ఆయన కోపం దాచుకోలేదు. మనం ఎవరికోసం ప్రభుత్వాన్ని నిర్మిస్తున్నామో మరిచిపోదామా, మనుషుల కోసమా, లేక రాష్ట్రాలనే ఊహా వ్యక్తుల కోసమా అని అడిగారు జూన్ 30న. ఆ వాదం ఓడిపోయింది. సెనేటర్లను ప్రజలే ఎన్నుకోవాలన్న ఆయన ప్రతిపాదన కూడా ఓడిపోయింది. 1913లో పదిహేడో సవరణ వచ్చేదాకా అది అమలు కాలేదు.

జులై చివర్లో ఐదుగురితో ఒక ముసాయిదా సంఘం వేశారు: రట్లెడ్జ్, రాండాల్ఫ్, గోరమ్, ఎల్స్‌వర్త్, విల్సన్. ఆగస్టు 6న వారు సభకు ఇచ్చిన పత్రంలో అధిక భాగం విల్సన్ చేతిరాతలో రూపుదిద్దుకుంది. ఆ చిత్తుప్రతులు ఇప్పటికీ ఫిలడెల్ఫియాలో భద్రంగా ఉన్నాయి. 'ప్రజలమైన మేము' అన్న ఆరంభం ఆ పత్రంలోనే కనిపిస్తుంది. అప్పుడది ఒక్కో రాష్ట్రం పేరునూ వరసగా చెబుతూ సాగింది. ఆ పేర్ల జాబితా తీసేసి అమెరికా సంయుక్త రాష్ట్రాల ప్రజలు అని ఒక్కటి చేసింది గవర్నీర్ మోరిస్ కలం. 1949 నవంబరు 26న మన రాజ్యాంగ సభ ఆమోదించిన పీఠిక 'భారత ప్రజలమైన మేము' అంటూ అదే ఒరవడిలో మొదలైన సంగతి ఈ సభలో ఎవరికీ గుర్తుచేయనక్కరలేదు. చివరి రోజున ముసలితనం వల్ల నిలబడి చదవలేని ఫ్రాంక్లిన్ తరఫున ఆయన ప్రసంగాన్ని చదివి వినిపించినవారు కూడా విల్సనే.

అక్టోబరు 6న ఆయన ఫిలడెల్ఫియా స్టేట్ హౌస్ ఆవరణలో మాట్లాడారు. రాజ్యాంగంలో హక్కుల పట్టిక ఎందుకు లేదన్నది జనం ప్రశ్న. రాష్ట్ర ప్రభుత్వానికి ప్రజలు ఇవ్వనని చెప్పనివన్నీ ఇచ్చినట్టే లెక్క, కేంద్ర ప్రభుత్వానికి మాత్రం ఇచ్చామని చెప్పనివన్నీ ఇవ్వనట్టే లెక్క; ఇవ్వని అధికారాన్ని మళ్లీ నిషేధించడం దేనికి అన్నారు. చాలా పత్రికలు దాన్ని అచ్చువేశాయి. వాదం చక్కగా ఉంది గానీ జనానికి ఎక్కలేదు. 1791లో తొలి పది సవరణలు వచ్చాయి. ఇక్కడ జనమే సరి అని నా అభిప్రాయం.

పెన్సిల్వేనియా ధృవీకరణ సభ సభ్యులలో ఫిలడెల్ఫియా రాజ్యాంగ సభలో పాల్గొన్నవారు ఆయనొక్కరే. మొత్తం భారం ఆయన మీద పడింది. అక్కడ జరిగిన ఒక సంఘటన న్యాయవాద మిత్రులకు నచ్చుతుంది. జ్యూరీ విచారణ ఒకప్పుడు స్వీడన్‌లో ఉండి క్రమంగా అంతరించిందని ప్రతిపక్షానికి చెందిన విలియం ఫిండ్లే అన్నారు. అలాంటిది తానెక్కడా చదవలేదన్నారు విల్సన్. ఫిండ్లే ఐర్లండ్ నుంచి వచ్చిన నేతగాడు, పెద్ద చదువులు చదివినవాడు కాదు. కొద్దిరోజుల్లో ఆయన ఇంగ్లండు చట్టాల మీద బ్లాక్‌స్టోన్ రాసిన వ్యాఖ్యానం మూడో సంపుటం పట్టుకొచ్చి, ఆ వాక్యం చదివి వినిపించారు. ఏ విద్యార్థి అయినా చదివి ఉండవలసిన పుస్తకం అది. విల్సన్ తగ్గలేదు. తక్కువ చదివినవాడు చదివినదంతా గుర్తుపెట్టుకోగలడు, ఎక్కువ చదివినవాడు కొంత మరిచిపోతాడన్న ధోరణిలో జవాబిచ్చి, 'నువ్వు నేర్చుకున్న న్యాయశాస్త్రం కంటే నేను మరిచిపోయిందే ఎక్కువ' అన్న ఒక పాత ఇంగ్లీషు న్యాయవాది మాటను ఉదహరించారు. ప్రజలందరినీ నమ్మిన మనిషికి ఎదుట నిలబడిన ఒక సామాన్యుణ్ణి సహించడం ఎంత కష్టమో చూడండి. డిసెంబరు 12న 46 ఓట్లు అనుకూలంగా, 23 వ్యతిరేకంగా వచ్చి రాజ్యాంగం గెలిచింది. నెలాఖరులో కార్లైల్‌లో, తాను వకీలుగా ఎదిగిన ఊళ్లోనే, ఆయన దిష్టిబొమ్మను తగలబెట్టారు.

1789లో ఆయన వాషింగ్టన్‌కు లేఖ రాసి, తనను ప్రధాన న్యాయమూర్తిగా నియమించమని నేరుగా అడిగారు. ఆ పదవి జాన్ జేకు దక్కింది. విల్సన్ సహన్యాయమూర్తి అయ్యారు. జీతం ఏడాదికి 3,500 డాలర్లు. 1790 డిసెంబరు 15న ఫిలడెల్ఫియా కళాశాలలో న్యాయశాస్త్ర ఉపన్యాసాలు మొదలుపెట్టినప్పుడు అధ్యక్షుడు వాషింగ్టన్, ఉపాధ్యక్షుడు ఆడమ్స్ శ్రోతల్లో ఉన్నారు. చట్టమంటే పైవాడు కిందివాడికి ఇచ్చే ఆజ్ఞ అన్న బ్లాక్‌స్టోన్ నిర్వచనాన్ని ఆయన అక్కడ తిరస్కరించారు. చట్టానికి కట్టుబడేది దానికి సమ్మతించినందువల్లనే అన్నారు. ఇరవై ఏళ్ల కిందటి చిన్న పుస్తకంలోని మాటే ఇది. ఇప్పుడు ఒక పూర్తి న్యాయశాస్త్రానికి మూలమైంది.

ఆ సిద్ధాంతానికి కోర్టులో పరీక్ష 1793లో వచ్చింది. యుద్ధకాలంలో జార్జియా రాష్ట్రం సౌత్ కరోలినాకు చెందిన ఒక వ్యాపారి దగ్గర సరుకు తీసుకుని డబ్బు ఇవ్వలేదు. వ్యాపారి చనిపోయాక వారసత్వ నిర్వాహకుడు చిజమ్ సుప్రీంకోర్టులో దావా వేశారు. జార్జియా హాజరే కాలేదు. మాది సార్వభౌమ రాష్ట్రం, మా సమ్మతి లేకుండా మామీద దావా చెల్లదని దాని వైఖరి. ఫిబ్రవరి 18న కోర్టు నలుగురు ఒకవైపు, ఒకరు మరోవైపుగా జార్జియాకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. అమెరికా రాజ్యాంగానికి సార్వభౌముడు అన్న పదమే తెలియదని విల్సన్ తన అభిప్రాయంలో రాశారు. రాష్ట్రమంటే స్వేచ్ఛాజీవుల సమూహం. ఒక్కొక్క మనిషి కోర్టుకు లోబడితే అవమానం కానప్పుడు, అందరూ కలిసి లోబడితే అవమానమెలా అవుతుంది? రాష్ట్రం కూడా వ్యాపారిలాగే ఒప్పందం చేసుకుంటుంది; నిజాయితీ లేని రాష్ట్రం నిజాయితీ లేని వ్యాపారిలాగే బుద్ధిపూర్వకంగా బాకీ ఎగ్గొడుతుంది, అప్పుడు న్యాయస్థానం దగ్గర సార్వభౌమత్వపు ముసుగు వేసుకుంటే ఒప్పుకోవాలా అని ఆయన అడిగారు.

జార్జియా ప్రతినిధుల సభ, ఈ తీర్పును అమలుచేయడానికి వచ్చినవారిని ఉరితీయాలని ఒక బిల్లు ఆమోదించింది. అది చట్టం కాలేదు. రాష్ట్రం మీద ఇతర రాష్ట్రాల పౌరులు ఫెడరల్ కోర్టుల్లో దావా వేయరాదన్న పదకొండో సవరణ 1795లో వచ్చి తీర్పును తుడిచిపెట్టింది. అయినా ప్రశ్న చావలేదు. మన రాజ్యాంగం 300వ అధికరణంలో కేంద్రం మీదా రాష్ట్రాల మీదా దావాకు దారి ఉంది. అయినప్పటికీ సార్వభౌమ రక్షణ అన్న కవచం 1964 నాటి కస్తూరిలాల్ కేసులో ప్రభుత్వాన్ని కాపాడింది. మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఎరువులు, ధాన్యం నిల్వలను అధికారులు స్వాధీనం చేసుకుని పాడుచేసిన వ్యవహారంలో, అదే కవచాన్ని రాష్ట్ర ప్రభుత్వం అడ్డం పెట్టుకుంటే, 1994లో నాగేంద్రరావు కేసులో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. ఆ తీర్పు చదివిన మిత్రులు విల్సన్ రాసింది కూడా ఒకసారి చదివితే, రెండు శతాబ్దాల దూరం తగ్గినట్టు ఉంటుంది.

ఎగవేతదారు గురించి అంత ఘాటుగా రాసిన న్యాయమూర్తి ఆ రోజుల్లోనే నిలువునా అప్పుల్లో ఉన్నారు. పెన్సిల్వేనియాలో, న్యూయార్కులో, దక్షిణాదిలో లక్షల ఎకరాల మీద ఆయనకు హక్కు పత్రాలున్నాయి. ఈ వ్యాపారం జరిగే తీరు ఇది: ప్రభుత్వం నుంచి భూమి కొనే హక్కునిచ్చే వారంట్లు కొద్దిపాటి బయానాతో తీసుకోవాలి, సర్వే ఖర్చులు, మిగతా కిస్తీలు, పన్నులు తర్వాత కట్టాలి. ఈలోగా యూరప్ నుంచి వలసవచ్చేవారికో, హాలండ్ పెట్టుబడిదారులకో ఎక్కువ ధరకు అమ్మాలి. అమ్మకం ఆలస్యమైతే ఒక ప్రోనోటు తీర్చడానికి మరో ప్రోనోటు రాయాలి. యూరప్ మూలధనాన్నీ మనుషులనూ తెచ్చి ఈ ఖాళీ నేలలను నింపే ఒక పెద్ద ప్రణాళికను కూడా విల్సన్ రాశారు. అమెరికా నిండుతుందన్న ఆ లెక్క తప్పు కాదు, నిజంగానే నిండింది. తప్పల్లా గడువుల్లో ఉంది. దేశానికి వందేళ్ల వ్యవధి ఉంటుంది. ప్రోనోటుకు తొంభై రోజులే.

ఆ నేలలు ఖాళీవని అనడం కూడా ఆయన కాలపు అబద్ధమే. అక్కడ ఆదివాసీ జాతులు జీవిస్తున్నాయి. సమ్మతి లేని అధికారం చెల్లదన్న మనిషి ఆ సమ్మతి విషయంలో నోరెత్తలేదు. పైగా 1795లో జార్జియా శాసనసభ్యులు లంచాలు తిని మూడున్నర కోట్ల ఎకరాలను ఐదు లక్షల డాలర్లకు కంపెనీలకు కట్టబెట్టిన యాజూ వ్యవహారంలో విల్సన్‌కు కూడా వాటా ఉంది. సిట్టింగ్ న్యాయమూర్తి అందులో ఉండటాన్ని ఏ ఆశావాదంతోనూ సమర్థించలేం. మరుసటి ఏడాది కొత్త శాసనసభ ఆ అమ్మకాన్ని రద్దు చేసింది.

1796, 1797లలో సంక్షోభం వచ్చింది. ఫ్రాన్సుతో బ్రిటన్ చేస్తున్న యుద్ధం వల్ల యూరప్‌లో డబ్బు బిగుసుకుంది, భూమి ధరలు కూలాయి. విప్లవానికి ఆర్థిక బలమిచ్చిన రాబర్ట్ మోరిస్ అంతటివారు ఫిలడెల్ఫియాలో అప్పుల జైలుకు వెళ్లారు. విల్సన్‌ను 1797లో న్యూజెర్సీలోని బర్లింగ్టన్‌లో నిర్బంధించారు. కొడుకు బర్డ్ డబ్బు కట్టి విడిపించాక ఆయన దక్షిణానికి వెళ్లిపోయారు. ఆయన చేరింది నార్త్ కరోలినాలోని ఈడెన్‌టన్‌కు, న్యాయమూర్తి జేమ్స్ ఐర్డెల్ నివసించే ఊరికి. చిజమ్ కేసులో విల్సన్‌తో విభేదించిన ఆ ఒక్క న్యాయమూర్తి ఈయనే. తీర్పులో ఎదురు నిలిచిన కుటుంబమే కష్టంలో ఆదరించింది. అక్కడా అప్పు వదల్లేదు. 1,97,000 డాలర్ల బాకీ కోసం పియర్స్ బట్లర్ ఆయనను మళ్లీ జైల్లో వేయించారు. ఈ బట్లర్ కూడా ఫిలడెల్ఫియా సభ సభ్యుడే. పారిపోయిన బానిసలను పట్టి అప్పగించాలన్న నిబంధన తెచ్చినవారు. విడుదలయ్యాక విల్సన్ కోర్టు పక్కనున్న హార్నిబ్లో సత్రంలో ఉన్నారు. మలేరియా, ఆపై పక్షవాతం. ఆగస్టు 21న చనిపోయేనాటికి వయసు 55. తన వయసులో సగం కూడా లేని రెండో భార్య హన్నా చివరిదాకా పక్కనే ఉంది. పదవికి రాజీనామా ఇవ్వలేదు. ఖాళీ అయిన ఆ స్థానంలో బుష్రాడ్ వాషింగ్టన్‌ను నియమించారు. 1782లో తన తమ్ముడి కొడుకైన అతనికి న్యాయశాస్త్రం నేర్పమని 100 గినీలు ఇచ్చి విల్సన్ దగ్గర చేర్పించినవారు జార్జ్ వాషింగ్టన్.

విల్సన్‌ను ఈడెన్‌టన్ దగ్గర ఒక తోటలో పూడ్చారు. ఉపన్యాసాలను బర్డ్ 1804లో అచ్చువేయించారు, అవి అసంపూర్ణం. ఆయన అనుకున్నట్టు పూర్తిచేసి ఉంటే అమెరికాకు సొంత బ్లాక్‌స్టోన్ దొరికి ఉండేవారని నేను నమ్ముతాను. నాలుగేళ్లు ప్రోనోట్ల వెంట తిరగకుండా రాసుకుంటూ కూర్చోవలసింది అని కోపం కూడా వస్తుంది. 1906లో అస్థికలను ఫిలడెల్ఫియా క్రైస్ట్ చర్చికి తరలించినప్పుడు సుప్రీంకోర్టు న్యాయమూర్తులు హాజరయ్యారు. అంతవరకూ పెద్దగా పట్టించుకున్నవారు లేరు. అప్పులపాలై చచ్చిన స్థాపకుడి గురించి పాఠ్యపుస్తకాలకు ఇబ్బందిగా ఉండి ఉంటుంది.

కానీ న్యాయస్థానాల్లో ఆయన మాట మళ్లీ వినిపించింది. 1964లో వెస్‌బెర్రీ కేసులో, కాంగ్రెసు నియోజకవర్గాలన్నింటిలో జనాభా వీలైనంత సమానంగా ఉండాలని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఎన్నికలన్నీ సమానంగా ఉండాలని, రాష్ట్రంలో ఒక చోట ఇంతమంది పౌరులు ఎందరు ప్రతినిధులను ఎన్నుకుంటే మరోచోట అంతేమంది అందరినే ఎన్నుకోవాలని విల్సన్ తన ఉపన్యాసాల్లో చెప్పిన వాక్యాలను జస్టిస్ బ్లాక్ ఆ తీర్పులో ఉదహరించారు. ఆ కేసులో ఓడిన రాష్ట్రం జార్జియా.

ప్రశ్నలుంటే అడగండి.